దారి మారితే ఊరు మారుమూలే!

కార్వాన్: ఆదిలాబాద్‌లో రాత్రి బయలుదేరిన బస్సు తెల్లవారుజామున హైదరాబాద్ మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌కు చేరుకుంటుంది. దిగినవారిలో చదువు కోసం వచ్చిన పిల్లలుంటారు, నౌకరీ వెతుక్కునే యువకులుంటారు, ఉస్మానియా దవాఖానాలో చూపించుకోవడానికి వచ్చిన ముసలివారుంటారు. అందరికీ మాదాపూర్‌లో కిరాయి కట్టే స్తోమత ఉండదు. అట్లాంటివారికి తలదాచుకోను గది దొరికే పాత బస్తీలలో కార్వాన్ ఒకటి.

కొత్తగా దిగినవారిని గల్లీలో పెద్దమనుషులు ముందుగా అడిగే మాట ఒకటే. "ఊర్లె ఏం తక్కువైందని ఇంత దూరం వచ్చినవ్ బిడ్డా?" సాధారణంగా వచ్చే జవాబూ ఒకటే. "ఏం తక్కువ లేదు పెద్దనాయినా. నౌకరి, దవాఖాన ఈ రెండే తక్కువ."

ఈ రెండు మాటల మధ్యనే మారుమూల చిన్న పట్టణంలో బతకడంలోని మంచీ చెడూ మొత్తం ఇమిడి ఉన్నది. చిన్న ఊరిని పొగిడేవారు మొదటి మాటనే వింటారు. విమర్శించేవారు రెండవ మాటనే వింటారు. రెండూ కలిపి విన్నప్పుడే అసలు విషయం బోధపడుతుంది.

చిన్న ఊరి సుఖం

ఆదిలాబాద్ మరీ చిన్న ఊరేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా లక్షా పదిహేడు వేలు. పత్తి మార్కెట్టుకు పేరున్న ఊరు. తెలుగు, మరాఠీ, ఉర్దూ, గోండీ నాలుగూ వినిపించే ఊరు. అయినా అక్కడ ఇంటి నుంచి కచేరీకి, బడికి, అంగడికి నడిచిపోవచ్చు. సైకిలు ఉంటే మరీ మంచిది. హైదరాబాద్‌లో రోజుకు రెండు మూడు గంటలు బస్సులో నిలబడి పోగొట్టుకునేవారికి ఈ ఒక్క సుఖం విలువ ఎంతో తెలుసు. ఆ రెండు మూడు గంటలు చిన్న ఊరిలో పిల్లల చదువు చూసుకోవడానికి, చేను చూసి రావడానికి, ఇరుగుపొరుగుతో మాట్లాడుకోవడానికి మిగులుతాయి.

రెండవది ఉద్దెర. చేతిలో పైసలు లేని నెలలో కిరాణా దుకాణంవాడు పుస్తకంలో రాసుకొని బియ్యం, నూనె ఇస్తాడు. ఆ రాతకు జామీను లేదు, దస్తావేజు లేదు. మనిషి ఎవరి కొడుకో, ఎవరి అల్లుడో తెలియడమే జామీను. బ్యాంకులో వంద కాగితాలు పెట్టినా దొరకని నమ్మకం అది.

మూడవది కష్టకాలం. ఇంట్లో మనిషి పోతే కబురు చెప్పనవసరం లేదు. పాడె కట్టే చేతులు వాటంతట అవే వస్తాయి. ఉన్న ఊరు కన్న తల్లి అన్న సామెత ఊరికే పుట్టలేదు.

కష్టం ఎక్కడున్నది?

అయితే తల్లి ప్రేమ ఒక్కటే కడుపు నింపదు. ఆదిలాబాద్‌లో సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం 1980లలో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1990లలో మూతపడింది. మళ్ళీ తెరుచుకోలేదు. పెద్ద నగరంలో ఒక కర్మాగారం మూతపడితే పనివాడు మరో గేటు ముందు నిలబడతాడు. చిన్న ఊరిలో రెండవ గేటు ఉండదు. ఒక్క తలుపు మూసుకుంటే ఊరే విడిచిపోవలసి వస్తుంది.

వైద్యం సంగతి ఇంకా కఠినం. పక్షవాతం వచ్చిన మనిషికి మెదడులోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటలలోగా పడాలని డాక్టర్లు చెబుతారు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. అంబులెన్సు ఎంత వేగంగా వచ్చినా ఆ వ్యవధి దారిలోనే గడిచిపోతుంది. నాగపూర్ కొంత దగ్గర, సుమారు 200 కిలోమీటర్లు. ఆదిలాబాద్‌లో 2008లో రిమ్స్ వైద్య కళాశాల రావడం పెద్ద మేలు, అందులో సందేహం లేదు. కాని కళాశాల భవనం ఒక ఎత్తు, అర్ధరాత్రి వేళ నిపుణుడైన డాక్టరు అందుబాటులో ఉండటం మరో ఎత్తు. పెద్ద నగరంలో చదివిన డాక్టరు తన పిల్లలకు మంచి బడి లేదని చిన్న ఊరిలో నిలవడు. డాక్టరు నిలవలేదని జబ్బుపడ్డవారు ఊరు విడుస్తారు. ఇది ఒకదానినొకటి తరిమే చక్రం.

రైలు ఉన్నది కదా అని ఎవరైనా అనవచ్చు. ఆదిలాబాద్‌లో రైలెక్కితే ముందు మహారాష్ట్రలోకి పోయి, ముద్‌ఖేడ్ మీదుగా చుట్టు తిరిగి రావాలి. నిర్మల్, ఆర్మూరు మీదుగా నేరుగా లైను వేయాలన్న కోరిక ఎన్నో ఏళ్ళుగా కోరికగానే మిగిలింది.

ఇక బయటికి చెప్పుకోని కష్టం మరొకటి గలదు. అందరికీ అందరూ తెలియడం ఉద్దెరకు మంచిదే. అదే తెలియడం ఆడపిల్లకు సంకెల అవుతుంది. కాలేజీ నుంచి అరగంట ఆలస్యంగా వస్తే ఆమె కంటె ముందు వార్త ఇంటికి చేరుతుంది. భర్త వదిలేసిన స్త్రీ, కులం కాని పెళ్ళి చేసుకున్న జంట, వ్యాపారంలో దెబ్బతిన్న మనిషి మళ్ళీ కొత్తగా బతుకు మొదలుపెట్టాలంటే చిన్న ఊరు ఆ పాత సంగతిని మరచిపోనివ్వదు. పట్నంలో పక్కింటివాడికి పేరు తెలియకపోవడం కొందరికి బాధ అయితే, మరికొందరికి అదే విముక్తి.

కార్వాన్ చెప్పే పాఠం

మరి మారుమూల ఊరు అంటే ఏది? మైలురాళ్ళు లెక్కపెట్టి చెప్పగలమా? ఈ ప్రశ్నకు కార్వాన్ చరిత్రే జవాబు చెబుతుంది.

కార్వాన్ అంటే పారశీకంలో బిడారు. కార్వాన్ సాహు అని దీని పాత పేరు. గోల్కొండ కోటకు వచ్చే వర్తకుల బిడార్లు విడిది చేసిన చోటు ఇది. హైదరాబాద్ నగరం 1591లో వెలిసింది. గోల్కొండ నుంచి మూసీ దాటే పురానాపూల్ వంతెన అంతకు పదమూడేళ్ళ ముందే, 1578లో కట్టారు. అంటే నగరం కంటె ముందు దారి పుట్టింది. ఆ దారి మీద కార్వాన్ ఉన్నది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులలో దొరికిన వజ్రాలు గోల్కొండ బజారుకు వచ్చిన రోజులలో ఇక్కడి సాహుకార్ల మాట దేశదేశాలలో చెల్లేది. 1671లో కట్టిన టోలీ మసీదు ఈనాటికీ ఆ వైభవానికి సాక్ష్యంగా నిలిచి ఉన్నది.

1687లో గోల్కొండ మొగలుల వశమైంది. పద్దెనిమిదవ శతాబ్దంలో బ్రెజిల్ దేశంలో వజ్రాలు బయటపడ్డాయి. పాలకుల మకాం మారింది, వ్యాపారం మారింది. 1874లో సికిందరాబాద్‌కు రైలు వచ్చింది. 1907లో నాంపల్లి స్టేషను, 1916లో కాచిగూడ స్టేషను వచ్చాయి. కార్వాన్‌కు మాత్రం ఏ రైలూ రాలేదు. 1998లో హైటెక్ సిటీ మొదలయింది. 2017లో మెట్రో నడిచింది. కార్వాన్‌లో మెట్రో స్టేషను కూడా లేదు.

కార్వాన్ ఒక్క అంగుళం కూడా కదలలేదు. గోల్కొండకు ఎంత దూరంలో ఉండేదో ఇప్పుడూ అంతే దూరంలో ఉన్నది. అయినా ఒకనాడు లోకమంతా వచ్చిన చోటు ఇవాళ నగరం నడుమ ఉండికూడా ఒక మూలకు చేరింది. మారినది ఊరు కాదు, దారి. కొల్లూరు సంగతి చెప్పనే అక్కరలేదు. వజ్రాలు పండిన ఆ నేల ఇప్పుడు పులిచింతల జలాశయం నీటి కింద ఉన్నది.

ఆదిలాబాద్ వైపు చూసినా ఇదే తంతు. 1941 దాకా ఆ జిల్లాకు కేంద్రం ఆసిఫాబాద్. ఆ ఏడాది కచేరీలు ఆదిలాబాద్‌కు తరలిపోగా ఆసిఫాబాద్ వెనుకబడింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఆసిఫాబాద్ మళ్ళీ జిల్లా కేంద్రమైంది. ఒక్క సంతకంతో మారుమూల అయిన ఊరు, మరో సంతకంతో మళ్ళీ కేంద్రం కాగలిగింది. కాబట్టి మారుమూలతనం దేవుడు రాసిన రాత కాదు. పాలకులు గీసిన గీత.

పట్నంలో ఉన్న చిన్న ఊరు

కార్వాన్‌లో మరో విశేషం ఉన్నది. ఇది పట్నంలో ఉండికూడా చిన్న ఊరు లక్షణాలు పోగొట్టుకోలేదు. గల్లీలో ఒకరికొకరు తెలుసు. దర్బార్ మైసమ్మ బోనాలకు బస్తీ అంతా ఒక్కటవుతుంది. తెల్లవారితే గుడిమల్కాపూర్‌లో పూల అంగడి, జియాగూడలో మేకల మండీ సందడి. తెలుగు, ఉర్దూ, మరాఠీ, మార్వాడీ ఒకే దుకాణం ముందు వినిపిస్తాయి. ఆదిలాబాద్ నుంచి వచ్చినవారికి ఇక్కడ అంతగా పరాయితనం అనిపించకపోవడానికి ఇదే కారణం.

పైపెచ్చు చిన్న ఊరిలో లేనివి ఇక్కడ ఉన్నాయి. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖాన, మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి దవాఖాన ఆటో దూరమే. ఒక నౌకరి పోతే బేగంబజార్‌లో మరో పని దొరకకపోదు.

అట్లాగని కార్వాన్‌ను స్వర్గం అనడానికి వీలులేదు. ఇరుకు గల్లీలు, గాలి రాని గదులు, మూసీ కంపు, దోమలు అందరికీ తెలిసినవే. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఒడ్డు బస్తీలను ఊడ్చుకుపోయింది. 2020 అక్టోబరులో దగ్గరనే ఉన్న టోలిచౌకి నదీం కాలనీ నీట మునిగింది. చిన్న ఊరి విశాలమైన వాకిలి, వేపచెట్టు కింద మంచం విడిచి వచ్చినవాడు ఇక్కడ ఒక్క గదిలో నలుగురితో సర్దుకోవాలి. ఊరిలో మిగిలిన తల్లిదండ్రులకు రాత్రి వేళ ఒంట్లో బాగాలేకపోతే వాడు ఇక్కడ ఫోను పట్టుకొని కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. దవాఖాన ఉన్న చోట కొడుకు ఉన్నాడు, దవాఖాన అవసరమైనవారు ఊరిలో ఉన్నారు. ఇంతకంటె విడ్డూరం ఏమున్నది?

ఏం చేయవలసి ఉన్నది?

చిన్న ఊరిలోనే ఉండండి, ప్రశాంతంగా బతకండి అని నగరంలో ఉన్నవారు ఉపన్యాసాలు ఇవ్వడం సులభం. దూరపు కొండలు నునుపు. దవాఖాన, చదువు, దారి లేని చోట ప్రశాంతత గురించి చెప్పడం ఆకలిగొన్నవాడికి ఉపవాస మహిమ చెప్పినట్లే. అదే విధంగా, బాగుపడాలంటే ఊరు విడవాల్సిందే అనడం కూడా తప్పే. అందరూ పట్నం పోతే పట్నం ఇంకా ఇరుకవుతుంది, ఊరు ఇంకా వట్టిపోతుంది.

ఇతర దేశాలు ఈ సంగతి గుర్తించాయి. టోక్యో ప్రాంతం విడిచి చిన్న ఊళ్ళకు పోయే కుటుంబాలకు ఒక్కొక్క పిల్లవాడికి పది లక్షల యెన్ల వరకు సహాయం ఇచ్చే ఏర్పాటు 2023 ఏప్రిల్ నుంచి జపాన్ చేసింది. ఊళ్ళు వట్టిపోయిన తరువాత డబ్బు ఇచ్చి మనుషులను పిలవడం కంటె, ఉన్నవారు ఉండగలిగేటట్లు చేయడం ఖర్చు తక్కువ పని.

మన దగ్గరా దారి లేకపోలేదు. 2020 లాక్‌డౌన్‌లో ఎందరో యువకులు సొంత ఊరి ఇంటినుంచే కంపెనీల పని చేసి చూపించారు. కరీంనగర్‌లో 2020లో, నిజామాబాద్‌లో 2023లో ఐటీ టవర్లు తెరిచారు. ఇది మంచి మొదలు. అయితే ఒక అద్దాల భవనం కట్టినంత మాత్రాన పని పూర్తి కాదు. మారుమూల పట్టణానికి కావలసినవి మూడు. రాత్రీపగలూ ప్రాణాపాయం నుంచి కాపాడగల దవాఖాన, అందులో నిలిచే డాక్టరు. డిగ్రీ దాకా చదువు చెప్పే కళాశాల, అందులో ఖాళీలు లేకుండా లెక్చరర్లు. చుట్టు తిరగని రైలు, అర్ధరాత్రి ఆగని బస్సు. ఈ మూడూ ఉంటే మిగిలినవి ఊరే తెచ్చుకుంటుంది. మారుమూల ఊరిలో పనిచేసే డాక్టరుకు, లెక్చరరుకు మంచి ఇల్లు, పిల్లలకు మంచి బడి, జీతంలో కొంత అదనం ఇవ్వడానికి ప్రభుత్వం వెనుకాడకూడదు.

కార్వాన్ వంటి పాత బస్తీలను కూడా విస్మరించరాదు. ఊరు విడిచి వచ్చినవారికి మొదటి నీడ ఇచ్చేవి ఇవే. ఇక్కడి నల్లా, మోరీ, బస్సు బాగుపడితే మేలు కార్వాన్‌కే కాదు, ఆదిలాబాద్‌కు కూడా.

బిడారు ఒక చోట ఒక రాత్రి ఆగుతుంది, తెల్లవారి కదులుతుంది. దానికి ఊరుతో పని లేదు. మనిషి బిడారు కాదు. ఊరు విడిచి వచ్చేవాడు ఇష్టపడి రావాలి గాని, గత్యంతరం లేక రాకూడదు. రేపు తెల్లవారుజామున బస్సు దిగే కుర్రవాడిని ఊరిలో ఏం తక్కువైందని గల్లీ పెద్దమనిషి అడిగినప్పుడు, "ఏం తక్కువ లేదు పెద్దనాయినా, పట్నం చూసిపోదామని వచ్చిన" అని వాడు చెప్పగలగాలి. ఆ జవాబు వచ్చే రోజు కోసం పాలకులు ఇకనైనా కళ్ళు తెరవాలి.