జాగ్వార్ కొత్త రూపు

1961లో జెనీవా ప్రదర్శనమున జాగ్వార్ సంస్థ ఈ-టైపు కారును చూపినప్పుడు దాని పొడవైన ముక్కును, వంపులను చూచి జనము ముగ్ధులైరి. 2024 డిసెంబరులో అదే సంస్థ మయామీలో టైపు 00 అను విద్యుత్కారు నమూనాను చూపగా మెప్పుతోపాటు ఎగతాళియు వెల్లువైనది. అంతకు ముందటి నెలలో వెలువడిన ప్రచార చిత్రమున అసలు కారే కనిపింపలేదు.

2008లో ఈ సంస్థను టాటా మోటార్సు కొనెను. కనుక దాని భవిష్యత్తు భారతీయులకు పరాయి సంగతి కాదు. హైదరాబాదుకు అసలే కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరమున జరిగిన విద్యుత్కార్ల పందెములో జాగ్వార్ జట్టు కారొకటి తన జట్టులోని రెండవ కారునే గుద్దగా రెండును పందెము నుండి తొలగినవి. నేటి సంకటమును ఇట్టిదే: పాత కీర్తిని కొత్త కోరిక ఢీకొన్నది.

అమ్మకములు తగ్గిన సంస్థ మారక తప్పదు. ఒరులను అనుకరింపరాదని స్థాపకుడు విలియం లయన్సే చెప్పెను. కాని ఒరులను అనుకరింపకుండుట వేరు, తన్ను తాను మరచుట వేరు.

ఈ భేదము సైబరాబాదులో కంటికి కనిపించును. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిదప 250 కోట్ల యేండ్లనాటి గ్రానైటు గుట్టలెన్నియో పగిలి అద్దాల మేడలైనవి. ఆ మేడలు ఏ నగరముననైనను ఉండవచ్చును. దుర్గం చెరువు గట్టున మిగిలిన బండలు మాత్రమే ఊరి పేరు చెప్పును.

కొత్త జాగ్వార్‌కును పరీక్ష ఇదియే. పేరు చదువకయే దానిని పోల్చుకొనగలిగిననాడు అది నిలుచును.