దేవుడి వెనక ఫ్లెక్సీ

మొన్న బ్రహ్మోత్సవాలకు ఒక పెద్ద గుడికి వెళ్లాను. మండపం చుట్టూ ఫ్లెక్సీలే. శ్రీరామ పట్టాభిషేకం పక్కన చేతులు జోడించిన నాయకుడు, రాముడికన్నా ఆయన తలే పెద్దది. ఎండకు ఓ మూల చిరిగి ఆంజనేయుడి తోక గాలికి కొట్టుకుంటోంది. ఆ గుడి నుంచి శ్రీకాళహస్తికి బస్సులో రెండు గంటలు కూడా పట్టదు!

శ్రీకాళహస్తి కలంకారీ గుడిని నమ్ముకుని బతికిన పని. దేవుడి వెనక తెర, రథానికి అలంకారం, మండపంలో వేలాడే కథ. నడుమ పెద్ద గడిలో పట్టాభిషేకం, చుట్టూ వరసల్లో రామాయణమంతా, బొమ్మల పక్కన తెలుగులో రాత. అక్షరం రానివాడు బొమ్మ చూసేవాడు, వచ్చినవాడు పక్కవాడికి చదివి వినిపించేవాడు.

ఆ పని ఎలా సాగుతుందో ఒక్కసారి దగ్గర కూర్చుని చూడండి. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో బట్టను నానబెట్టి ఆరేస్తారు. రంగు పక్కకు పాకకుండా పట్టి ఉంచేది ఆ పాల జిడ్డే. బెల్లమూ తుప్పు ఇనుమూ కుండలో వేసి వారాల తరబడి పులియబెడతారు. వెదురు పుల్లకు చుట్టిన గుడ్డను ఆ నీళ్లలో ముంచి, వేళ్లతో నొక్కుతూ గీస్తే, కరక్కాయ తగిలినచోట గీత నల్లబడుతుంది. ఎరుపు కావలసినచోట పటిక నీళ్లు పూస్తారు. అప్పటికి అక్కడ ఎరుపే ఉండదు, చెక్కలతో ఉడికించాకే తేలుతుంది. తర్వాత పారే నీటిలో ఉతుకుడు. స్వర్ణముఖి నదిలో పారే నీళ్లు ఎన్నాళ్లుంటున్నాయో ఆ ఊరివాళ్లనే అడగండి.

ఈ పని అంతరించిపోతోందని 1950ల చివర్లో, చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో ఆ ఊళ్లో శిక్షణ మొదలైంది. 2008లో కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టిగారికి పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. కానీ శాలువా కప్పిన చేతులు ఒక్క తెరకైనా ఆర్డరు ఇచ్చాయా? హుండీ లెక్కకు రోజులు పట్టే గుళ్లకు కూడా ఒక బట్ట బరువైపోయిందా? గుడి ఆదరణ తప్పాకే ఈ పని చీరకొంగుల మీదకూ దిండు గలీబుల మీదకూ చేరింది. బొమ్మలేసే ఆ చేతుల్ని నేనేమీ అనను, వాళ్లకు కడుపుంది. నా కోపమంతా ధర్మకర్తల మీదే.

ఖరీదెక్కువంటారు. ఫ్లెక్సీ పండగ దాటితే చెత్తకుప్పలో ఉంటుంది. 19వ శతాబ్దపు శ్రీకాళహస్తి రామాయణం లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈనాటికీ ఉంది. మన తెలుగు రాతను అక్కడ భద్రంగా దాచుకున్నారు, ఇక్కడ మనం ప్లాస్టిక్‌కు హారతి పడుతున్నాం.

ఉండబట్టలేక ఆ గుడి పాలకమండలి సభ్యుణ్ణి అడిగాను. "కలంకారీ అంటే చీరల మీద వేసేదే కదండీ? మా ఇంట్లోనూ ఉంది" అంటూ ఫోన్‌లో ఫోటో చూపించాడు. కొంగు మీద బుద్ధుడి ముఖం. స్క్రీన్ ప్రింటు.