ఫ్రిస్కోకు బస్సు కావాలి

టెక్సాస్‌లోని ఫ్రిస్కో 1902లో రైలు మార్గం పక్కన వెలిసిన ఊరు. 2000లో అక్కడి జనాభా 33,714. 2020 జనగణన నాటికి అది 2,00,509కి చేరింది. కొత్తగా వచ్చినవారిలో తెలుగువారు చాలామంది. వారితో పాటు గుళ్లూ వచ్చాయి. కార్యసిద్ధి హనుమాన్ ఆలయంలో తెలుగు పలకరింపులు వినపడని రోజుండదు. పాత చర్చిలూ, మసీదూ అదే ఊళ్లో ఉన్నాయి.

కానీ అక్కడికి చేరేదెలా? కారుంటేనే. పొరుగున ప్లేనోకు డాలస్ రవాణా సంస్థ డార్ట్ రైళ్లున్నాయి. ఫ్రిస్కో అందులో చేరలేదు. టెక్సాస్‌లో స్థానిక అమ్మకం పన్ను 2 శాతం దాటకూడదు. డార్ట్‌లో చేరితే అందులో ఒక శాతం దానికే ఇవ్వాలి. ఫ్రిస్కో ఆ శాతాన్ని రెండు అభివృద్ధి సంస్థలకు చెరిసగం కేటాయించింది. ఆ డబ్బు ఊరిని పెంచిన మాట నిజం. అయినా రెండు లక్షల మంది ఊరికి ఆ లెక్క ఇక చాలదు.

ఈ లోటు ఎక్కువగా తగిలేది పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకు. సొంతూళ్లో ఒంటరిగా బస్సెక్కి గుడికి వెళ్లొచ్చిన మనిషికి, అక్కడ కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా గడప దాటడం కష్టం. వృద్ధులకు, వికలాంగులకు ముందుగా బుక్ చేసుకునే వాహనాలను నగరం ఇప్పటికే నడుపుతోంది. ఆ సేవను అందరికీ తెరవాలి. వారాంతాల్లో ప్రార్థనా స్థలాలన్నిటినీ కలిపే బస్సు వేయాలి. గుడి కమిటీలు, చర్చిలు, మసీదు కలిసి సిటీ కౌన్సిల్‌ను అడగాలి.