తాళం గుర్తు ఉందని నిశ్చింతగా ఉండకండి

రుషికొండ ఐటీ కంపెనీలోనో, స్టీల్ ప్లాంట్‌లోనో, పోర్టు చుట్టుపక్కల లాజిస్టిక్స్ ఆఫీసులోనో మీకు ఉద్యోగం వచ్చిందనుకోండి. చేరిన రోజే ల్యాప్‌టాప్‌తో పాటు ఐటీ పాలసీ కాగితాలు ఇచ్చి సంతకం పెట్టమంటారు. చదివి పెట్టేది ఎంతమంది? అందులో 'ఎస్‌ఎస్‌ఎల్ ఇన్‌స్పెక్షన్' అన్న మాట కనిపిస్తే మాత్రం కాస్త ఆగండి.

హెచ్‌టీటీపీఎస్ ఉంటే మనం పంపేది మధ్యలో ఎవరూ చదవలేరని క్లాసులో విన్నాం. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆ మాట చెల్లకపోవచ్చు. కంపెనీ తన సొంత రూట్ సర్టిఫికెట్‌ను అందులో ముందే వేసి ఉంచుతుంది. మీరు సైట్ తెరవగానే ఫైర్‌వాల్ మధ్యలో నిలబడి, ఆ సైట్ పేరుతో అప్పటికప్పుడు మరో సర్టిఫికెట్ తయారుచేసి చూపిస్తుంది. బ్రౌజర్ నమ్మేస్తుంది. ఫైర్‌వాల్ డేటాను విప్పి, చూసి, మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసి పంపిస్తుంది. బ్రౌజర్‌లో సర్టిఫికెట్ వివరాలు తెరిచి, 'ఇష్యూడ్ బై' దగ్గర కంపెనీ పేరో, ఫైర్‌వాల్ పేరో ఉంటే విషయం అర్థమైనట్టే.

ఇది తప్పా? కంపెనీ ల్యాప్‌టాప్‌లో తప్పు కాదనే నేనంటాను. వైరస్‌లు కూడా ఎన్‌క్రిప్షన్ ముసుగులోనే వస్తున్నాయి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా దాడికి మెర్‌స్క్ కంప్యూటర్లు మూలనపడితే, ముంబై దగ్గర జేఎన్‌పీటీలో ఆ గ్రూపు టెర్మినల్ పనే ఆగిపోయింది. ఏ ఒక్క పరికరమూ అన్ని దాడులనూ ఆపలేదు. కానీ ఓడరేవు, ఉక్కు మీద బతికే మన ఊళ్లో ఆ భయం ఉత్తుత్తిది కాదు. నష్టం నుంచి, రహస్యాల చోరీ నుంచి తనను కాపాడుకోడానికి ఉద్యోగి డేటాను యజమాని వాడుకునే వీలు 2023 డేటా రక్షణ చట్టం 7వ సెక్షన్‌లోనూ ఉంది.

అయితే చూస్తున్నామని ముందే చెప్పాలి. బ్యాంకు, ఆసుపత్రి సైట్లను వదిలేయాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆఫీసు గేటు దాటగానే మనిషికి దాని అవసరం తీరిపోదు కదా!

అసలు గీత గీయాల్సింది మీ సొంత ఫోన్ దగ్గర. 'ఆఫీసు వైఫై కావాలంటే ఈ సర్టిఫికెట్ వేసుకోండి' అంటే వెంటనే సరే అనకండి. రూట్ సర్టిఫికెట్ అంటే ఇంటి తాళంచెవి. 2014లో కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లతో వచ్చిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ అలాంటిదే పెట్టింది. అన్నిటికీ ఒకటే ప్రైవేట్ కీ. అది బయటపడేసరికి, నకిలీ బ్యాంకు సైటును అసలుదని నమ్మించే దారి దొంగలకు దొరికింది. అందుకే ఫోన్‌లో మొబైల్ డేటాయే వాడుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు, ఆధార్ కాపీలు, వేరే ఉద్యోగాల దరఖాస్తులు పెట్టుకోకండి.

ఇంకో మాట. రేపు ఆ ఫైర్‌వాల్ నడిపేది మీలో ఒకరే కావచ్చు. మిట్మ్‌ప్రాక్సీ ఉచితంగా దొరుకుతుంది. మీ సొంత కంప్యూటర్‌లోనే, మీ సొంత ట్రాఫిక్ మీదే ప్రయత్నించండి. ఇంటర్వ్యూలో 'ఇది ఎలా పనిచేస్తుంది?' అంటే చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. 'ఎక్కడ ఆపాలి?' అన్నదానికీ జవాబు సిద్ధం చేసుకోండి.