ఈవా ఒక్కతే ఎందుకు బోనెక్కాలి?

లయొనెల్ ష్రైవర్ నవల ‘వి నీడ్ టు టాక్ అబౌట్ కెవిన్’ 2003లో వచ్చింది. అప్పటినుంచీ దాన్ని చదివిన చాలామంది చెప్పే తీర్పు ఒకటే: తల్లి ప్రేమించలేదు, అందుకే కొడుకు హంతకుడయ్యాడు. ఈ తీర్పు అన్యాయం.

పదహారేళ్లు నిండబోతున్న కెవిన్ అమెరికాలోని తన స్కూల్లో బాణాలతో తొమ్మిదిమందిని చంపుతాడు. ఆ తర్వాత తల్లి ఈవా, భర్త ఫ్రాంక్లిన్‌కు రాసే ఉత్తరాలే ఈ నవల. బిడ్డ వద్దనుకున్నానని, పుట్టాక ఎత్తుకున్నా మనసు కరగలేదని ఆమే రాస్తుంది.

నింద మోపేవాళ్లు ముందుగా ఎత్తి చూపేది చెయ్యి విరిగిన ఘట్టం. ఆరేళ్లొచ్చినా కెవిన్ డయపర్ మానడు. మార్చిన మరుక్షణమే, తల్లి కళ్లలోకి చూస్తూ, కావాలనే మళ్లీ పాడుచేస్తాడు. ఈవా వాణ్ణి ఎత్తి విసిరేస్తుంది. ఎముక విరుగుతుంది. తనే పడ్డానని కెవిన్ తండ్రికి అబద్ధం చెబుతాడు, ఆమె నోరు మెదపదు. అది ఘోరమే, నేను వెనకేసుకు రాను. కానీ ఆ ఘోరం మనకెలా తెలిసింది? ఆమె రాసింది కాబట్టి. తన తప్పు తానే బయటపెట్టుకున్న మనిషిని, ఆ ఒప్పుకోలునే సాక్ష్యంగా పట్టుకుని శిక్షిస్తున్నాం.

మరి తండ్రి? పగలంతా గుక్కపట్టి ఏడ్చిన పసివాడు ఆయన రాగానే నోరు మూసేస్తాడు. ఆమె చెబితే ఫ్రాంక్లిన్ నమ్మడు. చిన్నకూతురు సీలియా కన్ను డ్రెయిన్ క్లీనర్ పడి పోయినప్పుడు కూడా, డబ్బా జాగ్రత్తగా పెట్టలేదని ఆయన తప్పుబట్టేది ఈవానే. సీలియాను పెంచిందీ ఈ తల్లే కదా! ఆ పిల్ల మెత్తని మనసుతో పెరిగింది. కెవిన్‌కు తల్లే కారణమైతే సీలియా సంగతేమిటి?

ఈ నింద నవలల్లోనే పుట్టలేదు. పిల్లల ఆటిజానికి తల్లుల నిర్లిప్తతే కారణమని మనస్తత్వవేత్త బ్రూనో బెటల్‌హైమ్ 1967లో పుస్తకమే రాశాడు. అది తప్పని తేలేలోపు ఎందరు తల్లులు కుమిలిపోయారో! 1999 కొలంబైన్ స్కూలు కాల్పుల హంతకుల్లో ఒకడి తల్లి సూ క్లీబోల్డ్. కొడుకును ప్రాణంగా పెంచానని ఆమె 2016లో తన పుస్తకంలో రాసుకుంది. ఆమెమీదా లోకం అదే నింద మోపింది. ప్రేమించకపోయినా తల్లే, ప్రేమించినా తల్లే.

బిడ్డను తల్లి ద్వేషించడానికి కారణాలు పద్దెనిమిది లెక్కగట్టాడు బ్రిటిష్ పిల్లల వైద్యుడు, మానసిక విశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్, 1949లోనే. ద్వేషం కలగడం సహజమని, దాన్ని బిడ్డమీద చూపకుండా భరించడమే తల్లి చేసే పని అని ఆయన అభిప్రాయం. ఒక్కసారి ఆ అదుపు తప్పినా, మిగతా ఏళ్లంతా ఈవా చేసింది అదే. హత్యల తర్వాత కూడా జైలుకు వెళ్లి కొడుకును చూసివచ్చేది ఆమె ఒక్కతే.

వెళ్లడానికి ఇంకెవరూ మిగల్లేదు. అదే రోజు కెవిన్ బాణాలకు తండ్రీ, చెల్లెలూ బలయ్యారని నవల చివర్లో తెలుస్తుంది. ఈవా ఉత్తరాలన్నీ చనిపోయిన భర్తకే. బతికుండగా ఆయన ఆమె మాట చెవినబెట్టి ఉంటే ఏం జరిగేదో, ఆమెను తప్పుపట్టే పాఠకులు ఎందుకు అడగరు?