కరివేపాకుకి టైమరెందుకు?

చలికాలం వచ్చిందంటే ఇక్కడ న్యూజెర్సీలో మనవాళ్ళ కరివేపాకు కుండీలన్నీ ఇళ్ళల్లోకి, కిటికీల దగ్గరకి చేరతాయి. రెండేళ్ళ కిందట మా కుండీకి నీళ్ళ టైమరు బిగించి తెగ మురిసిపోయాను. జనవరిలో ఆకులు రాలాయి. దాహం కాబోలనుకుని నీళ్ళు పెంచాను. నెల తిరక్కుండా వేర్లు కుళ్ళి మొక్క పోయింది.

వెలుతురు తగ్గి చలి పెరిగితే కరివేపాకు ఎదుగుదల ఆపేస్తుంది, ఆకులూ రాల్చచ్చు. అప్పుడు దానికి నీళ్ళతో పెద్దగా పనుండదు. ఈ సంగతి టైమరుకి తెలీదు, ప్రోగ్రాం చేసిన నాకూ తెలీదు! తేమ సెన్సరు కొంత నయమే కానీ, ఒక్క కుండీకి అంత హంగామా దేనికండీ? మట్టిలోకి అంగుళం లోతు వేలు దించి చూడండి. పొడిగా ఉంటేనే నీళ్ళు. ఎరువు మాత్రం చిగురేశాకే.

ఈసారి కొత్త మొక్క కూడా సగం బోడయింది. కొమ్మ గీరితే లోపల పచ్చగానే ఉంది. మా ఆవిడ బెంగపడుతోంది గానీ, నేను మాత్రం చెంబు ముట్టుకోలేదు.