మిలటరీ సీసా అడగడం మానేద్దామండీ

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని అందరూ మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ కుర్రోళ్ళని పంపిన ఊరది. మన కాకినాడ చుట్టుపక్కల కూడా ఫౌజులో చేసొచ్చినోళ్ళు ఉన్నారు. మనిషి దిగీ దిగగానే మనం అడిగే మొదటి మాట ఏంటి? "బావా, రమ్ము తెచ్చేవా?" అక్కడ మంచులో ఎలా ఉన్నావని అడిగినోడు లేడు. క్యాంటీన్ కోటా చవక, నిజమే. ఆ సీసా చుట్టూ చేరిన నలుగురిలో నేనూ ఉన్నాను, దాచడం ఎందుకు.

పదిహేను, పదిహేడేళ్ళు విజిలుకి లేచిన మనిషి. నలభై రాకుండానే పెన్షన్ మీద ఇంటికొస్తాడు. పొద్దున్న లేస్తే పని లేదు, రాత్రి నిద్ర లేదు. నిద్ర కోసమని పెగ్గు మొదలవుద్ది. రాత్రి పెగ్గు సాయంత్రానికి, సాయంత్రంది మధ్యాహ్నానికి జరుగుద్ది. నిద్రమాత్ర కూడా కలిస్తే మరీ ప్రమాదం.

ఇంట్లోవాళ్ళకి ఒక మాట. రోజూ బాగా తాగేవాడిని గదిలో పెట్టి తాళమేసి ఒక్కసారిగా మాన్పించకండి. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. డాక్టరు చూస్తుండగానే మానాలి. ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంటే వాళ్ళ పాలీక్లినిక్‌కి తీసుకెళ్ళండి. 14446కి ఫోన్ చేసినా దారి చెప్తారు, డబ్బులక్కర్లేదు.

సంక్రాంతికి మా వీధిలో ఒకాయన దిగుతున్నాడు. చేపల పులుసు మా ఇంట్లోనే. సీసా మాట ఎత్తినోడికి మాత్రం పులుసు లేదు.